ధర్మకాంటా

కాటేదాన్ మలుపులో మా ధర్మకాంటాకు
ధర్మం సంగతి తెలియదు, బరువొక్కటే తెలుసు.
రాత్రి రెండింటికి లారీ ఎక్కితే
ఇనుప పలక ఒకసారి మూలుగుతుంది.
ఎర్ర అంకెలు కాసేపు తడబడి ఒకచోట నిలబడతాయి.
నేను చిట్టీ కొడతాను.
నిండు బండి ఇంత, ఖాళీ బండి ఇంత,
తేడా ఇంత.
ఆ తేడానే అడవి.

దుంగగా వస్తే వంద ప్రశ్నలు.
ఏ బీటుది, సుత్తె ముద్ర ఏది, చుట్టుకొలతెంత,
పర్మిట్టు మీద సంతకం ఎవరిది.
చిప్స్‌గా వస్తే ఒక్కటే ప్రశ్న:
తడెంత?
నూటికి ముప్పై దాటితే
అట్టల ఫ్యాక్టరీ వాళ్లు రేటు కోస్తారు.

సోహన్ సేఠ్ బండి కాయితం ఎప్పుడూ మడత నలగదు.
నీలగిరి. పట్టా భూమి. రైతు ఫలానా.
నీలగిరికి పర్మిట్టు అక్కర్లేదు,
సుబాబుల్‌కు అక్కర్లేదు, సరుగుడుకు అక్కర్లేదు.
రైతు తన చేన్లో పెంచుకున్న చెట్టు కోసం
ఆఫీసుల చుట్టూ తిరగొద్దని
ఎవరో మంచి మనసుతో రాసిన నిబంధన.
ఆ మంచి మనసు సందులోంచి
పదహారు టైర్ల బండి దూరిపోతుంది.

హమాలీ మొగిలయ్య
టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు.
ఒకప్పుడు గోదారి అవతల కూపుల్లో
చెట్లకు నంబర్లు వేసిన చెయ్యి.
కళ్లతో చూడడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.
"నీలగిరి గాదు బిడ్డా. ఇది నల్లమద్ది.
గిది బిల్లుడు, పసుపు జూడు.
గిదేమో..."
పేరు పూర్తి చెయ్యకుండానే
ఆ ముక్కను జేబులో వేసుకుంటాడు.
నేనడగను.

ఒక రాత్రి స్క్వాడు జీపొచ్చింది.
రేంజరు పరిమళ, కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు.
రెండు గుప్పిళ్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి సీలు వేసింది.
ల్యాబు చెప్పడానికి నలభై రోజులు పడుతుందట.
డ్రైవరు మర్యాదగానే అడిగాడు:
"మేడం, ఆకు చూపిస్తారా? బెరడు చూపిస్తారా?"
ఆమె టార్చి లోడు మీద అటూ ఇటూ తిప్పింది.
అంతటా ఒకే రంగు, ఒకే సైజు,
అటుకుల బస్తా విప్పినట్టు.
సేఠ్ ఫోన్ చేశాడు, లాయరు ఫోన్ చేశాడు,
తెల్లారేలోపు ఇంకెవరో ఫోన్ చేశారు.
సంచి మాత్రం ఆమె చేతిలోనే ఉంది,
పసిపిల్ల చెప్పు దొరికినట్టు
పట్టుకుని జీపెక్కింది.

నా కంప్యూటర్లో జాతి అనే గడి ఒకటుంది.
నొక్కితే నాలుగు పేర్లు:
నీలగిరి, సుబాబుల్, సరుగుడు, ఇతరములు.
ఆ రాత్రి నుంచి నేను ఇతరములు నొక్కుతున్నాను.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

టన్నుకు నాలుగు వేల రెండు వందలు.
నరికినవాడికి మూడు వందల అరవై,
మిషన్‌కు, డీజిలుకు, దారిలో చేతులకు తలా కొంత,
నాకు చిట్టీకి పది, మొగిలయ్యకు చాయ్.
ఎన్నిసార్లు కూడినా లెక్క తేలుతుంది.
నిలబడి ఉన్నప్పుడు ఆ చెట్టు ధరెంతో
రాసే గడి ఎక్కడా లేదు.
అక్కడ సున్నా గనకే
ఇక్కడ ఇంత లాభం.

మొన్న చలికి మొగిలయ్య డబ్బాలో మంట వేశాడు.
జేబులో దాచిన ముక్కలన్నీ ఒక్కొక్కటే వేశాడు.
ఆఖరిది కాలుతుంటే తీయటి వాసన,
ఎండిన పువ్వుదో, పాత గంజిదో.
"ఇప్ప," అన్నాడు.
"మా అవ్వ దీన్ని నరకనియ్యకపోయేది."
అని చేతులు కాచుకున్నాడు.
నేనూ కాచుకున్నాను.

పొద్దున పలక ఊడుస్తాను.
ఎంత ఊడ్చినా ఇనుప సందుల్లో పొట్టు మిగులుతుంది.
పైన బండి లేదు, మనిషి లేడు,
అయినా అంకె ఇరవై కిలోలు చూపిస్తుంది.
"సున్నా నొక్కెయ్," అంటాడు ఓనరు లోపలి నుంచి.
రోజూ నొక్కుతాను.
ఈవేళ ఇంకా నొక్కలేదు,
టీ చల్లారుతోంది,
గేటు బయట బండి హారన్ కొడుతోంది.